బావ వీపు, మామ ఈల

మొన్న ఆదివారం బెంగుళూరు సర్జాపుర రోడ్డులో మా అమ్మాయి వాళ్ళ అపార్ట్‌మెంటులో వార్షికోత్సవమంటే వెళ్ళాను. కుర్రాళ్ళు నలుగురు రాక్ బ్యాండు కట్టారు. చక్కగానే వాయించారు, కాదనను. కానీ ఎదురుగా ఎత్తి పట్టుకున్న ఫోన్లకేసి నవ్వుతూ వాయించారే గానీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్న పాపాన పోలేదు. నాకు మా బావ గుర్తొచ్చాడు. తొంభైలలో బెంగుళూరు కాలేజీ పోటీల్లో బేస్ గిటారు వాయించి, ఒక్కసారి కూడా జనానికి ముఖం చూపించని మహానుభావుడు.

ఆ సంగీతం జోలికి పోనివాళ్ళ కోసం చెబుతున్నాను: బేస్ గిటారంటే నాలుగు లావుపాటి తీగలు, చెవికంటే ముందు గుండెల్లో వినిపించే శబ్దం. బావ విదేశీ క్యాసెట్లు అరిగిపోయేదాకా విని దాన్ని నేర్చుకున్నాడు. వేళ్ళ పనితనం ఆ క్యాసెట్లదే గానీ కాళ్ళ నడక మాత్రం మామది. మామ, అంటే బావ వాళ్ళ నాన్న, అనంతపురం పక్కనుంచి బెంగుళూరు బొమ్మనహళ్ళికి తాపీపనికి వచ్చినా చెక్కభజన వదలని గురువు. పగలంతా గోడలు కట్టి, సాయంత్రం గజ్జెలు కట్టి, మెడలో ఈల వేసుకుని మాలాంటి పిల్లల్ని గుండ్రంగా నిలబెట్టేవాడు. చేతుల్లో చెక్కలు మోగిస్తూ ఆడేవాళ్ళందరి చూపూ మధ్యలో ఉన్న గురువు మీదే ఉండాలి. ఈల పడితే అడుగు మారాలి.

అందుకే బావ వేదిక మీద చెప్పులు విడిచి, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, కుడికాలికి గజ్జెలు కట్టుకుని, డ్రమ్ములు వాయించే నావైపు తిరిగి నిలబడేవాడు. జనానికి దక్కేది వీపే. నిర్వాహకులు ఎంత మొత్తుకున్నా, “భజనలో ఎవురన్నా జనాల పక్క తిరిగి ఆడతారాప్పా?” అనేవాడు. నాకు లోలోపల భయంగానే ఉండేది గానీ, ఆ మొండితనం చూస్తే గర్వంగానూ ఉండేది.

మామకు మాత్రం ఇదంతా తల కొట్టేసినట్టుండేది. తన తర్వాత ఈల పట్టాల్సిన కొడుకు కరెంటు గిటారు పట్టాడని ఆయన బాధ. చివరికి ఓ పెద్ద పోటీ ముందు తేల్చి చెప్పేశాడు: “ఒక్కతూరి వచ్చి చూస్తా. కోతిగంతులని తేలిందా, ఆ గిటారు మూలన పెట్టి నాతో పనికి రావల్ల.” బావ సరేనన్నాడు. మాట తప్పే మనిషి కాదు. నా దిగులంతా అదే.

ఆ రోజు మామ ఉతికిన పంచెతో ముందువరసలో కూర్చున్నాడు. పాట మొదలైన కాసేపటికే వెనకనుంచి “తిర్గో గురూ!” అని కన్నడంలో గేలి మొదలైంది, ఇటు తిరగమని. కేకలు, వెక్కిరింపు చప్పట్లు, ఎవరో విసిరిన కాగితపు ఉండ. బావ తిరగలేదు. నా చేతులే చెమటకు జారి తాళం తడబడింది. పాట చెయ్యి దాటిపోతోందని ఇద్దరికీ అర్థమైంది.

అప్పుడు పడింది ఈల. ముందువరసలోంచి, పొడుగ్గా ఒకటి, పొట్టిగా రెండు, అడుగు మార్చమని. ఆలోచించే వ్యవధే లేదు, చిన్నప్పటి భయభక్తులు అలాంటివి. బావ కాలు మారింది, గజ్జెలు ఘల్లుమన్నాయి, ఆ వెంటే నా చేతులు చెక్కభజన నడకలో పడ్డాయి, బేస్ ఉరుముతూ మా గాయకుణ్ణి కూడా ఈడ్చుకుపోయింది. మామ ఈల మీద ఈల వేస్తూనే ఉన్నాడు. గేలి చేసినవాళ్ళే కుర్చీలు వదిలి వేదిక ముందు గుండ్రంగా చేరి ఎగరడం మొదలెట్టారు. ఇక బావ ముఖం ఎటుందో అడిగే నాథుడు లేడు!

మొదటి బహుమతి మాదే. కప్పు పట్టుకుని దిగేసరికి మామ ఎదురొచ్చి, “రెండో అడుగుకాడ తొందరపడినావు. రేపు సాయంత్రం రా, సరిచేస్తా” అన్నాడు. పొద్దున పనికి రమ్మనలేదు, సాయంత్రం రమ్మన్నాడు! అది తట్టగానే బావా నేనూ ఎగిరి గంతేశాం. ఆ తర్వాత పదేళ్ళపాటు బావ వాయించిన ప్రతిచోటా ముందువరసలో మామ ఈల మోగింది.

మామ ఇప్పుడు లేడు. భజన చేసిన ఖాళీ స్థలంలో నాలుగంతస్తులు లేచాయి. ఈల బావ మెడలో ఉంది. బెంగుళూరు శివార్లలో, అత్తిబెలెలో పిల్లల్ని గుండ్రంగా నిలబెట్టి, మధ్యలో తను బేస్ గిటారుతో నిలబడి చెక్కభజన నేర్పుతున్నాడు. ఇప్పటి పిల్లలకు పాటకు వంద వీడియోలు. ఆనాటి మా గెలుపుకు మిగిలింది ఒకే ఫోటో, అందులోనూ బావ వీపే. తీసినవాడి తప్పేం లేదు. నాన్న ఈల చెవిన పడగానే పసివాడిలా వెలిగిపోయిన ఆ ముఖాన్ని అంత పెద్ద సభలో చూసింది నేనొక్కణ్ణే.