అటువైపు కుర్చీ

ఊళ్లో ఇంకా డబ్బా మానిటర్లే ఉన్న రోజుల్లో, గద్వాలలోని నా ఇంటర్నెట్ సెంటర్‌లో సొంత వీడియో కాన్ఫరెన్స్ సర్వర్ పెట్టాను. ప్రోగ్రాము ఉచితమే. ఏ కంపెనీ కాళ్లూ పట్టుకోనక్కర్లేదని తెగ మురిశాను. తీరా అది నడిచాక, పిలిస్తే అటునుంచి పలికే మనిషి నాకు ఒక్కడూ లేడు. పరీక్ష కోసం నా వెనకే, కెమెరా నా వైపు ఉండేలా, ఇంకో కంప్యూటర్ పెట్టాను. తెర మీద ఒక గడిలో నా మొహం, పక్క గడిలో నా వీపు.

పక్కింట్లో చీరలు నేసే పెద్దాయన వచ్చి చూశాడు.

“గా దిక్కు ఎవరు లేరా?”

“లేరు పెద్దనాయనా.”

“మా మగ్గం గుడ గంతే. అంచు కలపాలంటె ఆ పక్క ఒకరు కూసొని, ఈడికెల్లి దారం తీస్కపోయే నాడె అందుకోవాలె. మీ పెద్దమ్మ పోయినంక నాది నడుస్తలేదు.”

నాకు చిర్రెత్తింది. చీరకూ సర్వర్‌కూ పోలికేమిటి? ఆయన పట్టించుకోకుండా వెళ్లి నా వెనక కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తెర మీద నా వీపు ఉండే చోట ఆయన మొహం వచ్చింది.

“కనవడుతున్ననా?”

మా వీపులు దాదాపు తగులుతున్నాయి. వెనక్కి తిరిగితే సరిపోయేది. తిరగలేదు.

“కనవడుతున్నవు పెద్దనాయనా,” అన్నాను మైకులో.