మమ్నూ అంటే ముమ్కిన్ అనుకున్న

అప్పటికి ఖతర్‌ల దిగి నాలుగు నెలలే. మదీనత్ అల్ షమాల్ దగ్గర ఒక మజ్రాల, అంటే నాకు వీసా ఇచ్చిన కఫీల్ తోటల, టమాటలకు నీళ్లు పెట్టుడు నా డ్యూటీ. నాతోని మా జిల్లాయన ఒకాయన ఉండె. పద్దెనిమిదేండ్ల సంది ఆ తోట ఆయన చేతులనే ఉన్నది. అన్నా అని పిలుస్తుంటి.

చలి మొదలుకాంగనే తోట చివర నీళ్ల గుంటల అడవి బాతులు దిగినయి. చిన్నప్పటి సంది ఉచ్చులు పెట్టినోన్ని, చేతులు ఊకుంటయా? అయినా పరాయి దేశం, అడిగే పెడుదామనుకున్న. పిట్టల వేటను కనిపెట్టే సర్కారు జీపు వస్తే ఉరికి, బాతులను చూపెట్టి, "పకడ్‌నా?" అన్న. లోపలున్నాయన చెయ్యి ఊపుకుంట ఏదో అన్నడు. నాకు 'ముమ్కిన్' అని ఇనవడ్డది. నిజామాబాద్‌ల పుట్టినోనికి ఆ ఉర్దూ ముక్క తెల్వదా? అయితదన్నడు అనుకున్న.

బాతులు ఒడ్డెక్కే జాగల మేకు దిగ్గొట్టి, బురద మీద నాలుగు వేళ్ల ఎత్తుల నైలాన్ దారం ఉచ్చు పెట్టి, గింజలు చల్లిన. తెల్లారేసరికి ఒకటి పడ్డది. చంకల పెట్టుకొని అన్నకు చూపెడుదామని పోయిన.

అన్న మొహం సున్నమైంది. "ఎవడు పట్టుమన్నడ్రా?"

"జీపాయననే. ముమ్కిన్ అన్నడు."

"ముమ్కిన్ కాదురా సన్నాసీ! మమ్నూ! పట్టద్దని! కాయితం లేనిది ఈడ ఈక గూడ ముట్టద్దు. దొరికితే లోపలేస్తరు, వీసా కట్ చేసి ఇంటికి తోలుతరు."

పెండ్లయి ఏడాది కాలే. గిట్ల పోతే ఏం మొహం పెట్టుకొని పోవాలె? బాతును తీస్కపోయి గుంటల ఇడిచిన. "పోవే తల్లీ, నీ కాళ్లు మొక్కుత, ఎగిరిపో" అని బతిలాడిన. అది పోదాయె. ఉచ్చు కాలును కోసింది. ఒక్క దిక్కే తిరుగుతున్నది.

గంతల్నే గేటు కాడ జీపు ఆగింది. నిన్నటాయననే. సక్కగ గుంటల దిగి బాతును లేపిండు. కాలుకు నా దారం ఇంకా ఏలాడుతున్నది. నేను దాన్ని తెంపుడు మర్చిపోయిన.

"మిన్?" అన్నడు. ఎవరు అని.

అన్న నా దిక్కు చూసిండు. తిట్టినట్టు గాదు, నువ్వే చెప్పు అన్నట్టు చూసిండు. అరబ్బీల 'నేను' అంటే 'అనా'. దిగిన రోజే నేర్సుకున్న మాట. నాలిక మీదికొచ్చి ఆగింది. భయం. ఉత్త పిరికి భయం. తల దించుకొని నా చెప్పులను చూస్కుంట నిలబడ్డ.

"అనా" అన్నడు అన్న.

జీపాయన ఎన్క తలుపు తెరిచిండు. అన్న చేతుల మట్టి లుంగీకి తుడుచుకొని ఎక్కి కూసున్నడు. బండి గేటు దాటేదాక నేను నోరు తెరవలే.