స్కేలు సార్, ఒక్క వంపు

ఆ రోజుల్లో లోకంలో ప్రతిదీ తిన్నగా పైకే పోతుందని నాకు గట్టి నమ్మకం. (ఆ రోజుల్లో అంటే నిజాం కాలం అనుకునేరు, నిన్నమొన్నటి మాటే. అప్పటికే మెట్రో రైలు ఉంది, చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంది, నా తల మీద జుట్టు మాత్రం ఇప్పటికన్నా కాస్త ఎక్కువ ఉండేది.) స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ ముగించి, శాలిబండ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో ప్రాజెక్ట్ అసిస్టెంటుగా చేరాను. మొదటి వారం ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగడం నేర్చుకున్నాను. రెండో వారం గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాను. ఈ రెండు చుక్కలనూ కలిపి మనసులో ఒక గీత గీసుకుని, ఇదే వేగంతో పోతే దసరాకల్లా డిపార్ట్‌మెంట్ హెడ్‌నీ, ఉగాదికల్లా వైస్ ఛాన్సలర్‌నీ అయిపోతానని తేల్చుకున్నాను. మూడో వారం ఏమీ నేర్చుకోలేదు. ఆ చుక్కను గ్రాఫులో పెట్టలేదు.

లాడ్‌బజార్‌లో గాజుల దుకాణం నడిపే మా బాపుకు నా ఉద్యోగం ఏమిటో చివరిదాకా అర్థం కాలేదు. "గీతలు గీసుడా? గదొక నౌకరీనా? చిన్నప్పుడు గోడల మీద గీస్తే గందుకేనా నిన్ను కొట్టింది నేను?" అని నిజంగానే బాధపడ్డాడు. నేను చెప్పిన వివరణ ఇది: కాలేజీలో ఎవరు ఏ పరిశోధన చేసినా చివరికి వాళ్ల కొలతలన్నీ మా గదికే వస్తాయి. ఒక్కో కొలతకు ఒక్కో చుక్క పెడతాం. ఆ చుక్కల గుంపు ఎటు పోతోందో చూసి, దాని మధ్యగా ఒక గీత లాగుతాం. గీత ఎక్కితే ఒకటి పెరిగేకొద్దీ ఇంకోటి పెరుగుతున్నట్టు. దిగితే తగ్గుతున్నట్టు. పడుకుంటే రెండింటికీ సంబంధం లేనట్టు. బాపు అంతా విని, "మరి గీత ఒంకర పోతే?" అన్నాడు. "పోదు బాపూ, మా సార్ పోనియ్యడు," అన్నాను.

మా సార్‌ను కాలేజీ అంతా స్కేలు సార్ అనేది. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఆయనకు స్టీలు స్కేలు ఉండేది. కంప్యూటర్ గీసిన గీత మీద కూడా ఆ స్కేలు ఆనించి, తిన్నగా ఉందో లేదో చూసుకునేవారు. (కంప్యూటర్ ఏనాడూ ఆయనకు దొరకలేదు.) మంచి మనిషి, ఎవరి మీదా గొంతు పెంచింది లేదు. ఒక్క వంపు గీత కనిపిస్తే మాత్రం, పెళ్లి విందులో బిర్యానీ అయిపోయిందని విన్నవాడిలా మొహం పెట్టేవారు. "బేటా, సీదా గీత గీయాలంటే దమ్ము గావాలె. ఒంకర గీత ఎవడైన గీస్తడు. చుక్క ఏడికి పోతే ఆడికి పోయేది గీత గాదు, చుక్కల కింద నౌకరు," అనేవారు. నేను "అవును సార్" అనేవాణ్ని. (కాలేజీలో వంపు గీతకు మొదటి ఉదాహరణ నేనే.)

ఆ యేడు మా గదికి ముగ్గురు పరిశోధకులు వచ్చారు. మొదటివాడు జల్‌పల్లి నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చే కెమిస్ట్రీ అన్న. నీళ్లలో రంగు ఎంత కలిపితే అంత చిక్కబడుతుందని చూపించాడు. చుక్కలన్నీ స్కూలు ప్రార్థనలో పిల్లల్లా వరుసలో నిలబడ్డాయి. సార్ ఆ గ్రాఫును చాలాసేపు కిందపెట్టలేదు. రెండో ఆమె కిషన్‌బాగ్ నుంచి వచ్చే బాటనీ అక్క. ఆమె మెంతి మొక్కలు కొన్నాళ్లు జోరుగా పెరిగి, తర్వాత ఇక చాలన్నట్టు ఆగిపోయాయి. సార్ ఆ ఆగిపోయిన భాగాన్ని అరచేత్తో మూసి, "గిక్కడిదాక చాలమ్మా" అన్నారు. ఆయన గీతనే నమ్ముకుంటే ఆ మెంతి మొక్క బక్రీద్ నాటికి చార్మినార్ మీదికి తొంగిచూడాలి. అక్క ఇంటికి పోయి మెంతికూర పప్పు చేసుకుంది.

మూడో ఆమెను అందరం ఆపా అనేవాళ్లం, అంటే అక్కే. బార్కస్ నుంచి వచ్చేది, సైకాలజీ. ఆమె పరిశోధన చాయ్ మీద. వాళ్ల గల్లీలో బట్టల మీద జరీ పని, పూసల పని చేసే ఆడవాళ్లున్నారు. వాళ్లను ఒప్పించి, ఒకరోజు ఒక కప్పు, ఒకరోజు రెండు, ఒకరోజు మూడు, ఇట్లా తాగించి, తర్వాత సూదికి పూసలు ఎంత చురుకుగా ఎక్కిస్తున్నారో కొలిచింది. ఏళ్ల తరబడి చేసిన పని. కొలతలు తెచ్చి ఇస్తే చుక్కలు పెట్టాను. మూడో కప్పుదాకా చక్కగా ఎక్కాయి. ఆ తర్వాత చేతులు వణికి, పూసలు జారి, ఎక్కినంత చక్కగానే దిగిపోయాయి. స్క్రీన్ మీద అందమైన గుట్ట.

సార్ వచ్చి, ఆ గుట్ట మీద తన పద్ధతిలో గీత లాగించారు. ఎక్కే సగం ఒకవైపు, దిగే సగం ఇంకోవైపు గుంజితే పాపం ఆ గీత ఏం చేస్తుంది? ఇద్దరికీ రాజీ కుదిర్చి నేల మీద పడుకుంది.

"సంబంధం లేదమ్మా," అన్నారు సార్. "చాయ్‌కి, పనికి."

చార్మినార్‌కు కూతవేటు దూరంలో నిలబడి అనాల్సిన మాట కాదది. గదిలో ఉన్న ప్యూన్ చాచా చేతిలో సాసర్ గలగలమంది.

"సార్, కండ్ల ముంగట గుట్ట కనబడ్తుంది గదా!" అంది ఆపా.

"గుట్టలు కండ్లకే కనబడ్తయి బేటీ. లెక్కలకు గీతే కనబడ్తది. సెమినార్ల గిదే చెప్పు."

బయటికి వచ్చాక వరండాలో ఆపా నన్ను పట్టుకుంది. "తమ్మీ, పరీక్ష చేసెటోళ్ల ముంగట సంబంధం లేదని నేనే చెప్తే ఏమైతది? ఇన్నేండ్ల పని బర్బాద్. మళ్ల కొత్త టాపిక్, మళ్ల మొదటికెల్లి. గల్లీల ఆడోళ్లకు ఏం మొఖం చూపియ్యాలె? 'మా చేతులు వణికింది నిజమా, అబద్ధమా?' అంటరు." నేను ధైర్యంగా, "ఫికర్ జెయ్యకు ఆపా, నేనున్న" అన్నాను. ఉండి ఏం చేస్తానో నాకూ తెలియదు. ఆ వయసులో ఉండటమే పెద్ద సాయం అనుకునేవాణ్ని.

సెమినార్ రోజున నాకిచ్చిన బాధ్యతలు రెండు: ప్రొజెక్టర్, చాయ్. మూల మీది హోటల్ నుంచి చాయ్, ఉస్మానియా బిస్కెట్లు సమయానికి తెప్పించాను. అయితే మా పాతబస్తీలో ఒక అలవాటుంది. ఇంకొకరు చాయ్ చెప్పారంటే మేం చచ్చినా నమ్మం. చెప్పినా మంచిది చెప్పి ఉండరని అనుమానం. కాబట్టి కెమిస్ట్రీ అన్న తనకు నచ్చిన ఇంకో హోటల్ నుంచి తెప్పించాడు. బాటనీ అక్క ఇంట్లో ఇలాచీ దంచి ఫ్లాస్కు నిండా పట్టుకొచ్చింది. ఆపా వాళ్ల అమ్మీ బార్కస్ నుంచి చిక్కటి గహ్వా, అంటే అరబ్బీ కాఫీ, పంపింది. ఎవరి వంతు వస్తే వాళ్లు, మాట్లాడే ముందు తమ కప్పులు పంచారు. బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకురాలు మేడమ్ మొదటి కప్పు దగ్గరే "నాకు ఎసిడిటీ అండీ" అని తప్పించుకున్నారు. స్కేలు సార్‌కు ఆ అదృష్టం లేదు. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, ఎదురొచ్చిన చాయ్‌ని కాదనడం ఆయనకు ఎవరూ నేర్పలేదు. నా కప్పు, అన్న కప్పు, అక్క కప్పు, పైగా "అక్క చేతి చాయ్ కమాల్ ఉంది" అని అక్కదే ఇంకో కప్పు. చివరికి గహ్వా. "మా అమ్మీ పంపింది సార్" అంటే ఎవడు వద్దంటాడు?

ఆపా లేచి తన చుక్కలు చూపించింది. తెల్ల బోర్డు మీద గుట్ట వెలిగింది. ఆమె గొంతు తడబడుతోంది. మేడమ్ కళ్లద్దాలు సర్దుకుని, "ట్రెండ్ ఏది?" అన్నారు. ఆపా నోరు తెరిచేలోపు సార్ లేచారు. "నేను గీస్త మేడమ్. పాపకు భయమైతుంది." జేబులోంచి స్కేలు తీశారు, బోర్డుకు ఆనించారు, మార్కర్ పట్టారు.

గీత మొదలైంది. గీతతోపాటు స్కేలూ మొదలైంది. ఎడమ చెయ్యి ఒక తాళంలో, కుడి చెయ్యి ఇంకో తాళంలో. మదీనా చౌరస్తాలో తోపుడుబండ్ల మధ్య నుంచి దూరిపోయే ఆటోలా మార్కర్ అటూ ఇటూ కోసుకుంటూ పోయి, బోర్డు చివర ఆగింది. జీవితంలో ఒక్క వంపు ఒప్పుకోని మనిషి, ఒక్క గీతలో లెక్కలేనన్ని వంపులు గీశారు.

"బోర్డు ఊగుతుంది," అన్నారు సార్.

"బోర్డు గోడకు కొట్టి ఉంది సార్," అన్నాను నేను. (ప్రొజెక్టర్, చాయ్‌తోపాటు నోరు మూసుకోవడం కూడా నా బాధ్యతల్లో ఉండాల్సింది.)

ముందు కెమిస్ట్రీ అన్న కిసుక్కుమన్నాడు. తర్వాత బాటనీ అక్క. తర్వాత ఎవరూ మిగల్లేదు. "ఆపా, అయిపాయె! సార్ చెయ్యే నీ రుజువు!" అని అన్న కుర్చీలోంచి లేచాడు. నేనూ చప్పట్లకు చేతులెత్తాను. సినిమా అయితే ఇక్కడ పాట రావాలి.

ఆపా చెయ్యి అడ్డం పెట్టింది. "నక్కో, వద్దు! సార్‌ను లెక్కల తీసుకోకుండ్రి. ఒక్క మనిషి, ఒక్క దినం. పొద్దుగాలకెల్లి సార్ ఏం తిన్నరో నాకు తెల్వది. గిది తమాషా, డేటా గాదు."

నవ్వు ఠక్కున ఆగింది. చేతిలోకి వచ్చిన గెలుపును పద్ధతి ప్రకారం లేదని వాపసు చేసిన మనిషిని నేను అప్పుడే మొదటిసారి చూశాను. సార్ కూడా అప్పుడే చూసినట్టున్నారు, స్కేలు కిందికి దించారు. ఆపా గొంతులో తడబాటు పోయింది. ఆ గీత తుడిచేసి, ఒక నల్ల చార్ట్ కాగితం తెచ్చి గుట్టకు కుడి సగం మూసింది. "సార్, ఇప్పుడు గియ్యుండ్రి. వణికితే వణకనియ్యిండ్రి."

సార్ గీశారు. వణుకుతూనే గీత పైకి ఎక్కింది. ఆపా కాగితాన్ని ఎడమ సగం మీదికి జరిపింది. "ఇప్పుడు." వణుకుతూనే గీత కిందికి దిగింది. కాగితం తీసేసింది. బోర్డు మీద గుడారం లేచింది.

"రెండూ మీ స్కేలు గీతలే సార్. చుక్కల ఎంబడి నేను ఉర్కలేదు. ఒక్కతాన తిరగనియ్యిండ్రి, అంతే. మొత్తానికి ఒకటే గీస్తే మా గల్లీ ఆడోళ్లు ఎక్కిందీ ఉండదు, దిగిందీ ఉండదు."

మేడమ్ తల ఊపారు. "ఒక్క చోటే వంగిందండీ, అదీ అందరి కొలతల్లో అక్కడే. నాకైతే అభ్యంతరం లేదు."

సార్ ఆ గుడారం కొసకు స్కేలు ఆనించి చూశారు. తర్వాత, కూతురి పెళ్లికి షరతులు పెట్టే తండ్రిలా, "ఒక్కటే వంపు గదా?" అన్నారు.

"ఒక్కటే సార్."

"రేపొచ్చి రెండోది గావాలని అడగవు గదా?"

"నక్కో సార్."

"అయితే గీస్కో."

ఆపా మార్కర్ అందుకుని రెండు గీతల కొసలనూ నున్నగా కలిపింది. బాటనీ అక్క ఇదే అదను అని లేచి, "సార్, నా మొక్కలకు గూడ ఒక్కటి..." అంది. "నీకు గూడనా!" అని సార్ కుర్చీలో కూలబడి, "ఆ గహ్వా ఇంకొంచెం ఉన్నదా?" అన్నారు. గది గదంతా ఒక్క గొంతుతో "వద్దు సార్!" అని అరిచింది. ఆపాకు డాక్టరేట్ వచ్చిన రోజు బార్కస్‌లో ఆ గల్లీ ఆడవాళ్లంతా కలిసి ఆమెను కూర్చోబెట్టి చాయ్ తాగించారట, పగ తీర్చుకున్నట్టు.

నేనిప్పుడు నగరానికి ఆ చివర ఒక ఆఫీసులో గీతలు గీస్తున్నాను. అక్కడ గీత ఎటు పోయినా పరవాలేదు, పైకి మాత్రం పోవాలి. ఇంటికి వస్తూ అప్పుడప్పుడు శాలిబండ మూల హోటల్‌లో ఆగుతాను. రిటైరైన స్కేలు సార్ అక్కడే కూర్చుని ఉంటారు. మూడో కప్పు కాగానే గ్లాసు మీద స్టీలు స్కేలు అడ్డం పెట్టి, "నేను గుట్ట మీద ఉన్న బేటా, ఇంక దిగ" అంటారు. నేను నాలుగోది తాగుతాను, ఎక్కడికి దిగుతున్నానో తెలిసే. ఉగాదికల్లా వైస్ ఛాన్సలర్ అవుదామనుకున్న ఆ కుర్రాడు అప్పుడు గుర్తొస్తాడు. వాడు పక్కన పెట్టిన ఆ మూడో వారం చుక్కను ఈమధ్యే తెచ్చి గ్రాఫులో పెట్టాను. చూస్తే నా గీత మొట్టమొదట వంగింది అక్కడే. చూడ్డానికి మాత్రం, అబద్ధం ఎందుకు, బాగానే ఉంది.