తన తప్పు తనకిమ్మని అడిగిన మనిషి

సూర్యాపేటలో పుస్తకాల దుకాణం నడిపిన పెద్దమ్మ పోయింది. పోయిన నెల ఒక శనివారం పొద్దున కోదాడలో నేను బడికి బయల్దేరుతుంటే, మొదటి బస్సు కండక్టరు మా ఇంటిముందు ఆగి ఆ మాట చెప్పాడు. "టీచరమ్మా, మీ పుస్తకాల పెద్దమ్మ తెల్లారంగ కాలం చేసింది. పక్క దుకాణం దర్జీ చెప్పి పంపిండు. మధ్యాహ్నం దాంక ఉంచుతరట" అన్నాడు. చేతిలోని టిఫిను డబ్బా అరుగుమీద పెట్టి అక్కడే కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఆమె నాకు అప్పగించిన పని ఒకటి మిగిలిపోయిందన్నదే ముందు గుర్తొచ్చింది. ఇప్పుడు మీరు చదువుతున్నది ఆ పనే.

ఆమె నాకు చుట్టం కాదు. తుంగతుర్తి నుంచి ఉద్యోగానికి సూర్యాపేట వచ్చిన కొత్తలో, ఒంటరి ఆడపిల్లకు గది ఇచ్చేవాళ్లు దొరక్క తిరుగుతుంటే, తన దుకాణం వెనక గదిని కిరాయికిచ్చింది. అప్పటికి పెదనాయన, అంటే ఆమె భర్త, పోయి రెండేళ్లయింది. పిల్లలు లేరు. ఊళ్లో చాలాకాలం వాళ్లదొక్కటే పుస్తకాల దుకాణం. పలకలు, బలపాలు, బడి పుస్తకాలతో ఇల్లు గడిచేది. మిగతావి ఆమె తన ఇష్టం కొద్దీ తెప్పించేది. చదువు పెళ్లయ్యాకే నేర్చుకుంది. అమ్ముడుపోని పుస్తకాలు ముందు పెట్టి పెదనాయనే నేర్పాడట. అందుకేనేమో, అచ్చులో ఉన్న మాటంటే ఆమెకు ఎక్కడలేని మర్యాద. పుస్తకాన్ని కింద పెట్టేటప్పుడు కూడా నిద్రపోతున్న పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టేది.

వానలు తగ్గి దసరా దగ్గరపడే రోజుల్లో విజయవాడ నుంచీ హైదరాబాదు నుంచీ కొత్త పుస్తకాల కట్టలు బస్సుమీద వచ్చేవి. ఆ ఏళ్లలో వాటిలో ఎక్కువ ఆత్మకథలూ జీవిత చరిత్రలే. జైళ్లకు పోయినవాళ్లు, అడవుల్లో తలదాచుకున్నవాళ్లు, తెలుగువాళ్లకు ఒక్క రాష్ట్రం ఏర్పడి కాస్త కుదుటపడ్డాక తమ కథలు రాసుకుంటున్న కాలం. పెద్దమ్మ దుకాణం ముందు నల్లబల్ల పెట్టి, "ఈ ఏడు వచ్చిన జీవితాలు" అని సుద్దముక్కతో రాసి, కింద వరసగా పుస్తకాల పేర్లు రాసేది. తాను చదవకుండా మాత్రం ఒక్కటీ అమ్మేది కాదు.

"పంచాంగమైతే సదవకుండ అమ్మొచ్చు బిడ్డా. ఇది ఒకల బతుకు. లోపలేమున్నదో తెల్వకుండ చేతికెట్లిస్త?" అనేది. కాడ విరిగిన కళ్లద్దాలను దారంతో చెవికి కట్టుకుని, గోనెపట్టా మీద కూర్చుని, మధ్యాహ్నమంతా చదివేది. ఏదైనా పేజీ నచ్చితే నన్ను పిలిచి వినిపించేది. నచ్చకపోతే, "ఈయన ఇంట్ల పెండ్లామున్నదన్న సంగతే మర్చిపోయిండు సూడు" అని నవ్వేది.

నేను వచ్చిన మూడో ఏడు ఆ కట్టల్లో మిర్యాలగూడ వకీలు ఒకాయన రాసుకున్న స్వీయచరిత్ర వచ్చింది. సాయుధ పోరాటం రోజుల్లో ఆయన దళంలో పనిచేశాడు. పెదనాయన కూడా ఆ రోజుల్లో పుస్తకాల కట్టల్లో పెట్టి దళంవాళ్ల ఉత్తరాలు చేరవేసేవాడు. అందుకని పెద్దమ్మ ఆ పుస్తకాన్ని అన్నిటికంటే ముందు తీసింది. నేను బడి నుంచి వచ్చేసరికి అది ఒళ్లో తెరిచే ఉంది. ఆమె చదవడం లేదు.

"బిడ్డా, జర ఈడ సదువు. నా కండ్లు తప్పు సూస్తున్నయేమో" అంది.

చదివాను. పాలకీడు దగ్గర జొన్నచేలో దాక్కున్న ఇద్దరు యువకులను పోలీసులు పట్టుకుని కాల్చేసిన సంగతి. దాని చివర ఇలా ఉంది: "వాళ్ల జాడ చెప్పినవాడు సూర్యాపేటలో పుస్తకాలమ్ముకునే పెద్దమనిషి. ఆయన పేరు రాసి నా పుస్తకాన్ని మైల చేసుకోను."

పేరు రాయకపోతేనేం? అప్పట్లో ఊళ్లో పుస్తకాలమ్మే పెద్దమనిషి ఇంకొకడు లేడు.

"అబద్ధం పెద్దమ్మా. పెదనాయన అట్లాంటోడు కాదని ఊరంత ఎరుక" అన్నాను.

"అబద్ధమే. చెప్పింది ఆయన గాదు." పుస్తకం మూసి, "నేను" అంది.

ఆ తర్వాత చెప్పింది. పోలీసులు పెదనాయనను ఈ దుకాణం అరుగుమీదే పడేసి కొట్టారట. అరికాళ్లు చీలిపోయినా ఆయన మంచినీళ్లు తప్ప ఇంకేమీ అడగలేదు, ఏమీ చెప్పలేదు. ఆ ఇద్దరికీ అంతకుముందురోజు రొట్టెలు కట్టి పంపింది ఆమే కాబట్టి చోటు ఆమెకు తెలుసు. "ఇంకొక్క దెబ్బ పడితే పోతడనుకున్న బిడ్డా. నోట్లకెల్లి మాట అదే ఎల్లింది. ఆయన తలెత్తి నా దిక్కు సూసిండు. గంతే. తర్వాత ఇన్నేండ్లు ఒక్క ఇంట్ల బతికినం. ఒక్కనాడు అడగలే. ఒక్కసారన్న తిట్టి ఉంటే నేను ఏడ్సి ఉందును."

నేను నమ్మలేదు. భర్తమీద పడ్డ మచ్చను తనమీదికి లాక్కుంటోందనుకున్నాను. ఓదార్చడానికి చేయి పట్టుకున్నాను. ఆమె చేయి వెనక్కి తీసుకుంది.

ఆ ఆదివారమే నన్ను తోడు తీసుకుని మిర్యాలగూడ పోయింది. వకీలు మర్యాదస్తుడు. కుర్చీలు వేయించి, చాయ్ తెప్పించి, ఆమె చెప్పిందంతా చివరిదాకా విన్నాడు. విన్నాక లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, మొగని పరువు కోసం ఇంత నింద మీదేసుకునే ఇల్లాలు ఈ రోజుల్ల ఏడున్నది? మీకు దండం పెట్టాలె."

"దండాలు నాకెందుకయ్యా? ఆయన మీద రాసింది కొట్టెయ్యి. నా పేరు రాయి."

"ఆడమనిషి మీద గట్ల రాసుడు నాతోని గాదమ్మా. మీరు పరేషాన్ గాకుండ్రి, ఇంటికి పోండ్రి."

తిరుగు బస్సులో ఆమె కిటికీలోంచి చూస్తూ ఒకే మాట అంది: "మొగోని మీదైతే ఇనికిడి మీద రాసిండు. నేను నోటితోని ఒప్పుకుంటే రాయడట."

ఆ పుస్తకాన్ని అమ్మకుండా పక్కన పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. నల్లబల్ల మీద దాని పేరూ రాసింది. "అమ్మకుంటే దాసినట్టయితది. దాసుడు సాలు" అంది. కొన్న ప్రతివాళ్లకూ ఆ పేజీ తీసి చూపించి, "ఇది తప్పు. చెప్పింది నేను" అని చెప్పేది. వాళ్లు తలలూపేవాళ్లు. బయటికి పోయి, ఎంత గొప్ప ఇల్లాలో అని చెప్పుకునేవాళ్లు. చూస్తుండగానే ఆ పేరు ఊరంతా పాకింది. ఆమెకు కావలసిన నింద దొరకలేదు, అక్కర్లేని పొగడ్త వచ్చి మీద పడింది.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. ఆ చలికాలంలో మా బళ్లో జరిగిన సభలో పెద్దమ్మకు సన్మానం చేద్దామన్నారు. ఆదర్శ గృహిణి అని సన్మాన పత్రం రాసింది నేనే. మంచి మాటలన్నీ ఏరి ఏరి రాశాను. పిల్లలకు పుస్తకాలు బహుమతి ఇవ్వాలని మాత్రమే చెప్పి ఆమెను పిలుచుకొచ్చాను. వేదికమీద శాలువా కప్పి, నేను పత్రం చదవడం మొదలుపెట్టాను. రెండో వాక్యం దగ్గరే ఆమె లేచింది. శాలువా తీసి మడతపెట్టి కుర్చీలో ఉంచింది. "ఇది నాది గాదమ్మా" అని మెట్లు దిగి వెళ్లిపోయింది. సభలో ఎవరో చప్పట్లు కొట్టారు. వినయం అనుకున్నారు. నేను పత్రం మడిచేశాను.

పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు. గది ఖాళీ చేసి పొమ్మనలేదు, అంతే. ఒకరోజు తానే పిలిచి, "రేపు బడికి సెలవు పెట్టు. కోదాడ పోవాలె" అంది.

చనిపోయిన ఇద్దరిలో ఒకరి అక్క కోదాడలో బతుకుతోందని ఎవరినో అడిగి తెలుసుకుంది. ఆమె ఒక రైస్ మిల్లులో వడ్లు ఆరబోసే పనిచేసేది. మేం పోయేసరికి ఎర్రటి ఎండలో, గచ్చుమీద పరిచిన వడ్లను కాళ్లతో బారులు తీస్తూ అటూ ఇటూ నడుస్తోంది. పెద్దమ్మ గచ్చు అంచున నిలబడి, తానెవరో చెప్పి, ఏం చేసిందో చెప్పింది. మిర్యాలగూడలో చెప్పినట్టు కాదు. సంజాయిషీ ఏమీ లేకుండా, మూడు నాలుగు ముక్కల్లో చెప్పింది. అక్క నడక ఆపలేదు. గచ్చు చివరిదాకా పోయి, తిరిగి వచ్చి, ఆగింది.

"ఆ పూట మా తమ్ముడు తిన్నాడా?"

"తిన్నడమ్మా. ఇద్దరు తిన్నరు. గిన్నె కడిగి పంపిన్రు."

అక్క ముఖం కొంగుతో అదిమిపెట్టుకుంది. ఎంతసేపో చెప్పలేను. కొంగు తీశాక కళ్లు పొడిగానే ఉన్నాయి.

"నువ్వే చెప్పావు. నమ్ముతున్నాను. పద్దెనిమిదేళ్లోడు వాడు. నిన్ను ఏమనాలో నాకు తెలవట్లేదు. ఇంక పో. మళ్లీ నా కంటికి కనపడొద్దు."

పెద్దమ్మ వంగి నేలకు దండం పెట్టి వచ్చేసింది. నాకు ఆ క్షణంలో నిజం తెలిసింది. పుస్తకం రాసినాయన, ఊరు, నేను, అందరం ఆమెను మంచిదాన్ని చేసి పక్కకు తోసేశాం. ద్వేషించే హక్కు ఉన్న ఒక్క మనిషి మాత్రం ఆమె చెప్పింది విన్నది. బస్సులో పెద్దమ్మ నా భుజంమీద తల వాల్చి నిద్రపోయింది. మునగాల దాటాక కళ్లు తెరవకుండానే, "నమ్మింది బిడ్డా" అంది.

ఆ కథ అక్కడితో ఆగలేదు. అక్క మాకు తెలియకుండా, ఆ పేజీలో రాసింది తప్పని ఎవరితోనో ఉత్తరం రాయించి వకీలుకు పంపిందట. మరి రెండేళ్లకు, మళ్లీ దసరా ముందు, ఆ స్వీయచరిత్ర రెండో ముద్రణ వచ్చింది. కట్ట విప్పి పెద్దమ్మ నేరుగా ఆ పేజీకే పోయింది. పుస్తకాలమ్ముకునే పెద్దమనిషి లేడు. "వాళ్ల జాడ ఎవరో చెప్పేశారు" అని ఉంది.

"ఆయన బయటపడ్డడు" అంది. పెదనాయన ఫోటో దిక్కు చూసింది. ఆ ముఖంలో తేలిక కనిపించింది, కానీ ఎక్కువసేపు నిలవలేదు. "ఎవరో అంటే ఎవరు బిడ్డా? ఇద్దరు పిల్లలు పోయిన్రు. గాళ్ల సావుకు ఒక మనిషన్న జవాబు చెప్పాలె గద. నన్ను 'ఎవరో' చేసిండ్రు."

నాకు కోదాడకు బదిలీ అయిన రోజు, నా పెట్టె బస్సుకు పంపించి, అరుగుమీద నిలబడి ఆ పని అప్పగించింది. "నేను పోయినంక నువ్వు రాయి. పోయినోళ్ల మీద అందరు మంచిగనే రాస్తరు. నువ్వు మంచిగ రాయకు. ఉన్నది రాయి."

రాస్తున్నాను పెద్దమ్మా. కానీ ఉన్నది రాస్తే అందులో నీ రొట్టెలూ వస్తున్నాయి, చీలిన అరికాళ్లూ వస్తున్నాయి. నాకు గది ఇచ్చిన చేయీ వస్తోంది. నిన్ను మంచిదానివనకుండా రాయడం నాకు సరిగ్గా చేతకాలేదు. నీ తప్పు నీదని మాత్రం పేజీ మీద పెట్టాను. ఎవరో కాదు, నువ్వే.

శనివారం కబురు తెలియగానే, బస్సెక్కే ముందు నేను రైస్ మిల్లుకు పోయి అక్కతో చెప్పాను. చెప్పాలో వద్దో తెలియకుండానే చెప్పాను. ఆమె పని చేసుకుంటూ పోయింది. బస్సు కదలబోతుండగా వెనక తలుపులోంచి ఎక్కి చివరి సీటులో కూర్చుంది. సూర్యాపేటలో దిగాక ఇంట్లోకి రాలేదు. రోడ్డుకు అవతల, దర్జీ దుకాణం గోడకు ఆనుకుని నిలబడింది. పాడె లేచాక, అందరికంటే వెనక, చెప్పులు చేతిలో పట్టుకుని నడిచింది.

ఊరు దాటాక దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. పోయినవాళ్ల చెవిలో అయినవాళ్లు మూడుసార్లు పిలిచే చోటు అది. పెద్దమ్మ తమ్ముడి కొడుకు వంగి, "అత్తా" అని మూడుసార్లు పిలిచి లేచాడు. మోసేవాళ్లు మళ్లీ చేతులు వేయబోతుండగా అక్క జనంలోంచి ముందుకొచ్చింది. ఎవరో ఏమిటో అడగబోతే నేను ఆపాను. చెప్పులు పక్కన పెట్టి మోకాళ్లమీద కూర్చుని, పెద్దమ్మ చెవి దగ్గర నోరు పెట్టింది. డప్పులు ఆగే ఉన్నాయి. అయినా ఏమందో ఎవరికీ వినపడలేదు. మూడుసార్లకంటే ఎక్కువసేపే ఉంది.

తర్వాత లేచి, చెప్పులు తీసుకుని, వాన నీళ్లు నిలిచిన ఆ తొవ్వలో, చీలమండల దాకా బురదతో, బస్టాండు దిక్కు ఒక్కతే నడిచిపోయింది.