గుడ్డ చుట్టిన మైకు

2019 వేసవి. మార్కాపురంలో నాది సౌండ్ సర్వీస్ దుకాణం. మైకు సెట్లు బిగించడం, పాడైతే బాగుచేయడం నా పని. పెద్దారవీడు వైపు ఒక ఊరి రామాలయం వాళ్లు రెండు వేల వాట్ల కొత్త ఆంప్లిఫయర్ తెప్పించుకుని, వచ్చి బిగించమని కబురు పెట్టారు. శనివారం సాయంత్రం ఆరింటికి భజన. చుట్టుపక్కల నాలుగు ఊళ్ల బృందాలను పిలిచారు. వాళ్లందరి ముందూ కొత్త సెట్టు మోగాలి. పొద్దున తొమ్మిదికే బండి మీద దిగాను.

పెద్ద ఆంప్లిఫయర్ అనగానే జనం ఎన్ని వాట్లని అడుగుతారు. నేను ముందు చూసేది దానికి కరెంటు వచ్చే దారిని. ఫ్యానుకు లాగిన సన్న వైరు మీద దాన్ని నడిపితే వైరు కాలుతుంది. మీటరు బోర్డు నుంచి విడిగా లావు వైరు లాగి, ఎంసీబీ పెట్టాలి. లోడు మించితే తనంతట తానే పడిపోయే స్విచ్ అది. తర్వాత స్పీకర్ బాక్సుల ఓమ్స్ చూసుకోవాలి. బాక్సు కరెంటుకు ఎంత అడ్డుపడుతుందో చెప్పే లెక్క ఓమ్స్. ఎనిమిది ఓమ్స్ బాక్సులు రెండు జతకలిపితే నాలుగవుతుంది, ఆంప్లిఫయర్ మోస్తుంది. ఆశపడి ఇంకో రెండు తగిలిస్తే రెండుకు దిగుతుంది, అది చస్తుంది. వైర్లన్నీ బిగించాకే కరెంటు ఇవ్వాలి. వాల్యూము సున్నాలో ఉంచి ముందు మిక్సర్, అంటే మైకులు వచ్చి కలిసే పెట్టె, ఆఖర్న ఆంప్లిఫయర్ ఆన్ చేయాలి. ఆపేటప్పుడు ముందు ఆంప్లిఫయర్. దాని వెనక ఉండే ఫ్యానుకు గాలి ఆడాలి. ఎన్ని ఊళ్లలో చెప్పానో, ఒక్కరూ వినరు. పూలదండ తెచ్చి సరిగ్గా ఆ గాలి పోయే చోటే వేస్తారు.

మధ్యాహ్నానికి నా పని దాదాపు అయిపోయింది.  మిక్సర్ మాత్రం పాతది బాగానే ఉంది కదా, దాన్నే వాడమన్నారు. సరేనని తగిలించాను. అప్పుడే లక్ష్మమ్మ వచ్చింది. భజనలో ముందు పాట ఎత్తుకునేది ఆవిడే. అరవై దాటినా గొంతు చెక్కుచెదరలేదు. ఆవిడ మైకుకు పసుపు గుడ్డ చుట్టి ఉంటుంది. సర్వీసుకు వచ్చిన ప్రతిసారీ చూసేవాణ్ణి, భక్తితో కట్టుకుందనుకునేవాణ్ణి. కొత్త సెట్టు కదా, ఆ గుడ్డ తీసెయ్ పెద్దమ్మా అన్నాను.

“తీస్తే జివ్వుమంటాది నాయనా. మోచేతి దాకా లాగుతాది. మావోళ్లకు చెప్తే షుగరొచ్చింది, తిమ్మిర్లవి అనిరి. మాత్రలు కూడా మింగుతుండా. ఈ పెద్దదానికి ఇంకా లాగుతాదా ఏంది?”

 భజన రోజు గుడి నేలంతా కడుగుతారు. ఆ తడి బండల మీద ఒట్టి కాళ్లతో నిలబడి, ఇనుప జాలీ ఉన్న మైకును పెదాలకు ఆనించి ఆవిడ రెండు గంటలు పాడుతుంది. మిక్సర్‌కు కరెంటు ఇచ్చి, వోల్టులు కొలిచే మీటరు తీసి ఒక తీగ మైకు తలకు, ఇంకోటి తడి బండకు ఆనించాను. నూట అరవై వోల్టులు చూపించింది. యా అల్లా అనుకున్నాను.

మిక్సర్ లోపల పాతబడి, కరెంటు దాని ఒంటికి పాకుతోంది. అక్కణ్ణించి వైరు వెంట మైకుకు వస్తోంది. అట్లా పాకిన కరెంటును మనిషి దాకా రానీయకుండా భూమిలోకి దించేదే ఎర్త్ తీగ. అది పని చేయడం లేదన్నమాట. గోడ మీది ప్లగ్గు బోర్డు విప్పాను. ఎర్త్ తీగను ఎవరో కత్తిరించి, కొసను వెనక్కి మడిచి, మూడు చుట్లు టేపు వేశారు.

ఆ మడత నాది. 2012లో పాత సెట్టు బిగించింది నేనే. అప్పుడు స్పీకర్లలో గుయ్యిమని ఒకటే మోత, దాన్ని మేం హమ్ అంటాం. ఎర్త్ తీగ దిగే గుంట ఎండిపోయిన చోట ఆ తీగలోంచే హమ్ వస్తుంది. పండగ పొద్దెక్కుతోందని, గుంటను బాగుచేసే ఓపిక లేక తీగ కోసేశాను. మోత ఆగిపోయింది. భలే పనోడివని టీ ఇప్పించారు. మా వైపు చాలామందిమి ఇదే చేస్తాం, దాన్ని పనితనం అనుకుంటాం. నేను కోసిన ఆ తీగకే ఆవిడ ఏడేళ్లుగా మాత్రలు మింగుతోంది. ఎవరూ నా వైపు అనుమానంగా చూడలేదు. బోర్డు మూసేస్తే ఎవరికీ తెలియదు కూడా.

ఆంప్లిఫయర్ కొనిచ్చిన రామిరెడ్డి మామ అసలే తొందర మనిషి. ఈ పూటకు ఎప్పటిలాగే కానిచ్చెయ్, రేపు చూసుకుందాం, ఎట్లాగూ గుడ్డ ఉంది కదా అన్నాడు.

“గుడ్డ చెమటకు తడిస్తే ఏం చేస్తావు మామా? నేనైతే ప్లగ్గు పెట్టను. కాదంటే ఇంకొకర్ని పిలిపించుకో.”

ఆయనకు కోపం వచ్చింది. రాదా మరి. కానీ మీటరులో అంకె చూపించేసరికి తగ్గాడు.

పాత గుంటలోని తీగకూ కరెంటుకూ మధ్య వంద వాట్ల బల్బు పెట్టి చూశాను. ఎర్త్ బాగుంటే ఇంట్లో వెలిగినట్టే వెలగాలి. బల్బు లోపలి తీగ ఎర్రబడి ఊరుకుంది. మా నేల సంగతి తెలిసిందే, రెండడుగులు తవ్వితే పలకరాయి. గుడి వెనక, నేల కడిగిన నీళ్లు పోయే చోట మాత్రం మట్టి మెత్తగా ఉంది. అక్కడ ఇద్దరు గునపాలు పట్టారు. నాలుగడుగుల్లో రాయి తగిలితే ఎర్త్ తీగ కట్టే పైపును ఏటవాలుగా దించి, ఉప్పూ బొగ్గులూ పోశాం. ఇక నీళ్లు కావాలి. బోర్లన్నీ ఎండి, ట్యాంకరు రోజు విడిచి రోజు వచ్చే కాలమది. తాగడానికి పట్టుకున్న బిందెను ముందుగా తెచ్చి వంచింది లక్ష్మమ్మే. ఆవిడను చూసి భజన ఆడవాళ్లు మరో పది బిందెలు తెచ్చారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

నాలుగింటికి బల్బు నిండుగా వెలిగింది. బోర్డులో కోసిన తీగను అతికించి కొత్త గుంటకు కలిపాను. ఆర్‌సీసీబీ కూడా పెట్టాను. కరెంటు కాస్త పక్కదారి పట్టినా కన్ను మూసేలోపు సరఫరా ఆపేసే స్విచ్ అది. పాత మిక్సర్ తగిలించగానే టక్కున పడిపోయింది. దాన్ని పక్కన పడేసి, బండి పెట్టెలో ఉన్న నా మిక్సర్ పెట్టాను. మళ్లీ కొలిస్తే మైకుకూ బండకూ మధ్య సున్నా.

అప్పుడు రామిరెడ్డి మామ, ఆ తీగ కోసినోడెవడో దొరికితే చెప్పు ఖాదరూ, వాడి సంగతి చూస్తానన్నాడు. గుడికి వైరింగ్ చేసి గిద్దలూరు వెళ్లిపోయిన మేస్త్రి పేరు ఎవరో ఎత్తారు. నేను మెదలకుండా ఉంటే తప్పు అతని మీదే పోయేది.

“ఆయన కాదు మామా. నేనే కోసినా. హమ్ పోవాలని కోసినా.”

 రామిరెడ్డి మామ తిడితే బాగుండుననిపించింది. ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. లక్ష్మమ్మ మైకుకున్న గుడ్డ ముడి విప్పి, మైకును నా వైపు చాపింది.

“చెప్పులు మెట్లకాడ ఇడిచిరా. ఈ తడి బండ మీద నిలబడి ముందు నువ్వు పట్టుకో నాయనా. నేను చూసి పట్టుకుంటా.”

వెళ్లి నిలబడ్డాను. పట్టుకున్నాను. ఏమీ కాలేదు. ఆవిడ నా చేతిలోంచి మైకు తీసుకుంది. ఆరింటికి భజన మొదలైంది.

ఇప్పుడు ఏ ఊళ్లో సెట్టు బిగించినా మీటరు చూశాక చెప్పులు విడిచి, నేల తడిపి, ముందు నేనే పట్టుకుంటాను. ఆ తర్వాతే ఇంకొకరి చేతికి ఇస్తాను. ఆ రోజు మీటరులో సున్నా చూసింది నేనే, బల్బు వెలిగించింది నేనే. అయినా ఆవిడ మైకు చాపినప్పుడు నా చెయ్యి వణికింది. ఏడేళ్లపాటు అదే మైకును ఆవిడ చేతికి ఇచ్చినప్పుడు ఒక్కసారి కూడా వణకలేదు.