అత్తమ్మను తిప్పిన చేతులు

దెయ్యాలు, ఆత్మలు అంటే నాకు నమ్మకం లేదు. బీఎస్సీ చదివాను. ఎవరైనా అలాంటివి చెబితే, ఆ రోజు నీకు జ్వరముందా అని అడిగే రకం. ఇప్పుడు నన్ను ఎవరైనా అలా అడిగితే తప్పుపట్టను.

మాది ఖమ్మంలో ఖానాపురం హవేలి. పోయిన వానాకాలం మా అత్తమ్మకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది గానీ తెలివి పదునే. షుగర్ ఉంది. ఒకే పక్కన పడుకోబెడితే పుండు పడుతుందని, పడితే మానదని డాక్టర్ హెచ్చరించారు.

కొడుకు తన బట్టలు ముట్టుకుంటే అత్తమ్మకు సిగ్గు. మా ఆయన్ని దగ్గరికి రానిచ్చేది కాదు. కోడలి పని కోడలే చేయాలని నేనూ అనుకున్నాను. చంటిపాపకు పాలు, అత్తమ్మకు పక్క మార్చడం, మళ్లీ పాలు. నిద్ర అనేది మరిచిపోయాను.

అత్తమ్మ దవాఖానాలో ఉన్నప్పుడు, పక్క మంచం దగ్గర ఇల్లందు నుంచి వచ్చిన అక్క ఒకామె తన భర్తను చూసుకునేది. నడుము కింద పాత చీర మడతపెట్టి, దాన్ని లాగి మనిషిని ఒక్కతే తిప్పేది. ఎన్నిసార్లు చూపించినా నాకు ఆ పట్టు చిక్కలేదు. "నువ్వు జర ఒరుగు బిడ్డా, మీ అత్తను నేను జూస్త" అనేది.

ఇంటికొచ్చాక ఒక మధ్యాహ్నం పాపకు పాలిస్తూ నేలమీదే నిద్రపోయాను. లేచేసరికి సాయంత్రం. పొద్దున్నే అత్తమ్మ నడుము దగ్గర ఎర్రగా కంది ఉండటం చూశాను. అత్తమ్మ మంచం దగ్గరికి పరుగెత్తాను.

అత్తమ్మ ఎడమ పక్కకు తిరిగి ఉంది. కింద మడత చీర. మోకాళ్ల మధ్య దిండు. తడిసిన దుప్పటి దండెం మీద ఆరుతోంది. మా ఆయన ఇంకా డ్యూటీలోనే ఉన్నారు. తలుపుకు నేను వేసిన లోపలి గడియ అలాగే ఉంది.

"ఎవరొచ్చిన్రు అత్తమ్మా?"

"ఇల్లందు పిల్ల. నిన్ను లేపొద్దన్నది."

వెంటనే ఇల్లందు అక్కకు ఫోన్ చేశాను. "వచ్చి లేపకుండనే పోయినవేంది అక్కా?"

"నేనెక్కడొచ్చిన? ఇంట్లనే ఉన్న. పగటిపూట కునుకు పడితే కలల మీ అత్తనే తిప్పుతున్న. లేచినకాన్నుంచి భుజాలు గుంజుతున్నయి." నవ్వింది. "గదంత పక్కకు పెట్టు. నీ మొగుడేం జేస్తుండు?"

"అత్తమ్మ సిగ్గుపడుతది అక్కా."

"సిగ్గయితే మీద దుప్పటి కప్పి తిప్పమను. నువ్వు పడిపోతే పసిదాన్ని ఎవరు జూడాలె?"

ఆ సాయంత్రం అదే మాట అత్తమ్మకు చెప్పాను. మా ఆయన డ్యూటీ నుంచి రాగానే ఎడమ చేత్తో దుప్పటి మీదికి లాక్కుంది. తర్వాత కొడుకుతో, "మెల్లగ తిప్పురా" అంది.

కందినచోట పుండు పడలేదు. ఆ గడియ వేసిన ఇంట్లో పని చేసిందెవరో మాత్రం ఇప్పటికీ నాకు తెలియదు. ఎంత ఆలోచించినా లెక్క కుదరలేదు. దండం పెట్టుకోవడం తప్ప ఇంకేం చేయాలో తోచలేదు.

ఈ రాత్రి పక్క మార్చే వంతు మా ఆయనది. అందుకే కూర్చుని ఇది రాయగలుగుతున్నాను. ఇక పడుకుంటాను.