దేవదానం సార్ డిస్క్ బ్రేకు

2007, వానలు మొదలైన రోజులు. పటాన్‌చెరుల నేను సైకిల్ దుకాణం పెట్టి అప్పటికి పంతొమ్మిదేండ్లు. కంపెనీలకు షిఫ్టులు పోయేటోళ్ల సైకిళ్లే నా బతుకు. రాడ్ బ్రేకులైతే కండ్లు మూసుకొని బిగించేటోన్ని. బ్రేకుల గురించి నాకు తెల్వనిది లేదనే అనుకునేటోన్ని.

ఒకనాడు దేవదానం సార్ ఆటోల పెద్ద అట్టపెట్టె వేసుకొని వచ్చిండు. సార్ సర్కారు బడిల లెక్కలు చెప్పి రిటైరై, ఇంద్రేశం దగ్గర కొత్త లేఅవుట్‌ల ఇల్లు కట్టుకున్నడు. షుగరుంది, సైకిల్ తొక్కుమని డాక్టర్ చెప్తే, పట్నంల నౌకరీ చేసే బిడ్డ గేర్ల సైకిల్ కొనిచ్చింది. పెట్టెల అంతా విడి సామాను.

"నర్సింలూ, దీనికి డిస్క్ బ్రేకులు. నీకు వస్తదా?"

"బ్రేకే గద సార్, రాకేం పోతది" అన్న.

డిస్క్ అంటే చక్రం నడుమ బిగించే పల్చటి ఇనుప బిళ్ల. దాని పక్కన క్యాలిపర్ అని చిన్న డబ్బా ఉంటది. అందుల రెండు ప్యాడ్లు బిళ్లను రెండు దిక్కుల నుంచి పట్టి ఆపుతయి. సార్ సైకిల్ది వైరుతోని నడిచే రకం. వైరు గుంజితే బయటి ప్యాడ్ ఒక్కటే కదులుతది. లోపలి దాన్ని ఒక మర తిప్పి మనమే దగ్గరికి తేవాలె. ఈ సంగతి నాకు తెల్వదు. రెండూ కదుల్తయనుకొని సగం దినం వైరునే బిగించుకుంట కూసున్న. బిళ్ల మాత్రం ఒక దిక్కు రాసుకుంటనే ఉంది.

సార్ ఇంటికి పోతే బాగుండు. స్టూల్ మీద కూసొని, కండ్లద్దాలు పెట్టుకొని, పెట్టెల వచ్చిన పుస్తకం చదువుడు మొదలుపెట్టిండు.

"మూడో పేజీల స్పష్టంగ రాసిండ్రు నర్సింలూ. ముందు క్యాలిపర్ బోల్టులు వదులు చెయ్యాలంట."

ఒళ్లు మండింది. ఇంకా మండింది ఎందుకంటే, రాసింది నిజమే. బోల్టులు వదులు చేసి, బిళ్లకు ప్యాడ్లకు నడుమ పెండ్లి కార్డు ముక్కలు దూర్చి, బ్రేకు పిడి గట్టిగ పట్టుకొని బోల్టులు బిగిస్తే చక్రం సాఫుగ తిరిగింది. సార్ నాకు మార్కులేసినట్టు తలూపి పోయిండు.

అయిపోయిందనుకున్న. సోమవారం పొద్దుగాల మళ్లొచ్చిండు. బ్రేకు పడితే కీచుమని కూత. ప్యాడ్లు తీసి గరుకు కాగితంతోని రాకి పంపిన. రెండు మూడు రోజులు బాగనే ఉన్నదంట. మళ్ల సోమవారం అదే కూత. మూడో సోమవారం కూత లేదు గని బ్రేకే పడుతలేదు. వైరు బిగించిన, మర తిప్పిన, క్యాలిపర్ విప్పి మళ్ల కూసబెట్టిన. నాలుగో సోమవారం సార్‌ను దూరం నుంచి చూస్తెనే తలకాయ నొప్పి లేసింది.

"నీ పద్ధతిల ఎక్కడనో తప్పుంది. ఏం చేసినవో వరుసగ చెప్పు" అన్నడు సార్.

"సార్, దండం పెడత. ఇంకెక్కడన్న చూపించుకోండ్రి."

"ఈ ఊళ్లె ఇంకెవరికి వస్తది నర్సింలూ?"

ప్యాడ్లు మళ్ల రాకిన.

అయిదో సోమవారం సార్ రాలే. పీడ పోయిందనుకున్న. మధ్యాహ్నం సార్ భార్య ఫోన్ చేసింది. "ఏం బ్రేకు పెట్టినవయ్యా? నిన్న సాయంత్రం పడి సార్ చెయ్యి ఇరిగింది" అన్నది. చేతులు కడుక్కోకుండనే దుకాణం మూసి సార్ ఇంటికి ఉరికిన.

సార్ ఎడమ చెయ్యికి పట్టీ. గల్లీల నుంచి నీళ్ల ట్యాంకర్ అడ్డమొస్తే రెండు బ్రేకులు పట్టిండంట. సైకిల్ ఆగకుంటే పక్కన కంకర కుప్ప మీదికి తిప్పిండంట. "ఆ కుప్ప లేకుంటే?" అన్నది సార్ ఇంటి అమ్మ.

వరండల ఉన్న సైకిల్‌ను ఎత్తి చూసిన. డిస్క్ అద్దం లెక్క మెరుస్తుంది. వేలు పెడితే జిడ్డు. కుట్టుమిషన్ నూనె వాసన.

"సార్, దీనికి నూనె వేసిండ్రా?"

"వెయ్యకుంటే? ప్రతి ఆదివారం చర్చికి పోయేముందు రెండు చుక్కలేసి బట్టతోని తుడుస్త."

కోపం నెత్తికెక్కింది. నెల రోజులు నేను రాకింది రాకినట్టే, ఆయన నూనె పోసింది పోసినట్టే! నేను నోరు తెరవకముందే అమ్మ అందుకున్నది. "బ్రేకుకు నూనె వేస్తరా ఎవరన్న? ఊరందరికి చదువు చెప్పిండ్రు!"

సార్ చిన్నపిల్లగాని లెక్క తల దించుకున్నడు. "ఎవరో చెప్పిండ్రు గద... కూత పెట్టినకాడ జెర నూనె చూపియ్యాలని."

ఆ మాట నాది. చైను కోసం, పెడల్ కోసం, సీటు స్ప్రింగు కోసం పంతొమ్మిదేండ్లుగ దుకాణంల గిరాకీలకు చెప్పే మాట. సార్‌కు గూడ చెప్పే ఉంట. ఎవరు చెప్పిండ్రో ఆయనకు యాదికి లేదు. అమ్మ కోపం ఆయన మీదనే ఉంది. మెల్లగ లేసి పోవచ్చు. అబద్ధమెందుకు, ఒక్క నిమిషం అట్లనే అనుకున్న. గని ఆ చేతి పట్టీ ముందు కూసొని ఎంతసేపు ఊకుంట?

"అమ్మా, సార్‌ను అనకుండ్రి. ఆ మాట చెప్పింది నేనే."

అమ్మ నా దిక్కు తిరిగింది. అరుస్తదనుకున్న. నిమ్మళంగ అడిగింది: "నాలుగు సోమవారాలు వచ్చిండు గదయ్యా. ఇంట్ల దీనికి ఏం చేస్తున్నరని ఒక్కసారన్న అడగలేదా?"

అడగలే. ఆయన పుస్తకం చదువుతుంటే ఎట్ల ఊకుంచాలె అన్న రందిలనే ఉన్న.

నూనె తాగిన ప్యాడ్లు ఇగ పనికి రావు. సికింద్రాబాద్ పోయి కొత్తయి తెచ్చిన. బిళ్లను స్పిరిట్‌తోని కడిగి, కొత్త ప్యాడ్లు దానికి కుదురుకునేదాక ఇరవైసార్లు నేనే తొక్కి ఆపి చూసిన. పట్టీ తీసినంక సార్ వచ్చిండు. నూనె ఎక్కడ వెయ్యాలో, ఎక్కడ వెయ్యొద్దో కాగితం మీద రాసియ్యమన్నడు. రాసిచ్చిన. నిలబడ్డకాడనే రెండు తప్పులు దిద్దిండు.

ఇప్పుడు ఏ సైకిల్ వచ్చినా ముందు మనిషిని కూసోబెడత. ఇంట్ల దానికి ఏమేం చేస్తరో మొత్తం చెప్పనిస్త. పానా పట్టుడు ఆ తర్వాతనే.